బోనస్ ప్రకటించే ముందు: సిబ్బందికి పని మీద మనసు నిలిచేలా చేయడం ఎలా?

పది నుంచి నలభై మంది దాకా పనిచేసే చోటును నడిపేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అది లారీ బాడీలు కట్టే షెడ్డు కావచ్చు, డయాగ్నస్టిక్ ల్యాబు కావచ్చు, బట్టల షాపు కావచ్చు, చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు కావచ్చు. పెద్ద కంపెనీలకైతే హెచ్ఆర్ వాళ్లుంటారు, కన్సల్టెంట్లుంటారు. మీకు మీరే అన్నీ.

ఎంబీఏ పుస్తకాలు తెరిస్తే ఉద్యోగుల ప్రేరణ మీద డజను సిద్ధాంతాలు కనిపిస్తాయి. పరీక్ష రాసేవాళ్లు వాటిని పక్కపక్కన పెట్టి తేడాలు రాస్తారు. పని నడిపేవాళ్లకు ఆ పోలికతో అవసరం లేదు. ఒక్కో సిద్ధాంతం ఒక్కో ప్రశ్నకు జవాబు. ఏ ప్రశ్న ముందు అడగాలో, ఏది ఆఖర్న అడగాలో తెలిస్తే చాలు. చాలామంది ఈ వరుసను తిరగేస్తారు. మొదటే ఇన్సెంటివ్ ప్రకటించేసి, ఫలితం రాకపోతే "మనవాళ్లింతే" అని తేల్చేస్తారు. ఇక్కడ ఇన్సెంటివ్ ఎనిమిదో అడుగు.

ఉదాహరణల కోసం విజయవాడ ఆటోనగర్‌లో కనిపించేలాంటి ఒక లారీ బాడీ షెడ్డును ఊహించుకుందాం. వెల్డర్లు, కార్పెంటర్లు, పెయింటర్లు, హెల్పర్లు, ఒక సూపర్‌వైజరు, లెక్కలు చూసే ఆవిడ. మీది వేరే పనైతే పేర్లు మార్చుకోండి. ఒక నోటు పుస్తకం, మూడు నెలల ఓపిక ఉంటే మొదలుపెట్టవచ్చు.

1. ఫిర్యాదును పని భాషలో రాయండి

"మావాళ్లకు శ్రద్ధ లేదు" అన్నదాన్ని సరిచేయడం ఎవరి తరమూ కాదు. "రెండో కోటు వేసే ముందు పెయింటర్లు ఎమరీ పేపరు సరిగా పట్టడం లేదు, అందుకే బండ్లు వెనక్కి వస్తున్నాయి" అన్నదాన్ని సరిచేయవచ్చు. ఎవరు, ఏ పనిలో, ఎప్పటినుంచి అన్నవి రాయండి. ఈ మూడింట్లో "ఎప్పటినుంచి" అన్నదే ఎక్కువ పనికొస్తుంది. దసరా తర్వాత మొదలైందా? పాత మేస్త్రీ మానేసినప్పటినుంచా? కొత్తవాణ్ణి ఎక్కువ జీతానికి తెచ్చినప్పటినుంచా? తేదీ దొరికితే కారణం సగం దొరికినట్టే. ఇప్పుడు నెలకు ఎన్ని బండ్లు వెనక్కి వస్తున్నాయో ఆ అంకె కూడా అక్కడే రాయండి.

అదే పేజీలో కారణం ఏమై ఉంటుందని మీకు అనిపిస్తోందో కూడా దాచకుండా రాయండి. అమెరికాలోని ఎంఐటీలో పాఠాలు చెప్పిన డగ్లస్ మెక్‌గ్రెగర్ 1960లో "సిద్ధాంతం ఎక్స్", "సిద్ధాంతం వై" అని రెండు పేర్లు పెట్టాడు. ఇవి రెండు రకాల పనివాళ్ల పేర్లని చాలామంది అనుకుంటారు. కాదు, యజమాని మనసులో ఉండే రెండు రకాల నమ్మకాలవి. మనిషికి పనంటే సహజంగానే ఒళ్లు బద్ధకం, వెంటపడితే తప్ప చేయడు అన్నది ఎక్స్. పని కూడా ఆటలాగే సహజం, తనదనుకుంటే ఎవరూ చూడకపోయినా చేస్తాడు అన్నది వై. చిక్కేమిటంటే, ఎక్స్ నమ్మే యజమాని ప్రతి మూలా కెమెరా పెడతాడు, ఐదు వందల రూపాయల సామాను కొనడానికీ తననే అడగమంటాడు. కొన్నాళ్లకు మనుషులు చూస్తున్నప్పుడే పని చేయడం నేర్చుకుంటారు. ఆయన నమ్మకం నిజమైపోతుంది. మీరు రాసిన కారణం మళ్లీ చదివి, అందులో ఎక్స్ ఎంతుందో చూసుకుని తర్వాతి అడుగుకు వెళ్లండి.

2. మూడు లెక్కల్లో ఏది తప్పిందో కనుక్కోండి

ఈ అడుగు దాటేస్తే మిగతావన్నీ గాల్లో దీపాలే. విక్టర్ వ్రూమ్ 1964లో చెప్పిన లెక్క ఇది: మనిషి పనికి ఒళ్లు వంచే ముందు లోపల మూడు ప్రశ్నలు వేసుకుంటాడు. గట్టిగా ప్రయత్నిస్తే ఇది నావల్ల అవుతుందా? అయితే నాకేమైనా దక్కుతుందా? దక్కేది నాకు కావలసిందేనా? వ్రూమ్ ఈ మూడింటినీ కూడలేదు, గుణించాడు. ఒక్కటి సున్నా అయితే మొత్తం సున్నా.

మొదటిది సున్నా అయిన చోటు: వెల్డింగ్ మిషను మాటిమాటికీ ట్రిప్ అవుతోంది, ఇనుప ప్లేట్లు పది గంటలకు గానీ రావడం లేదు. అక్కడ ఎంత ఇన్సెంటివ్ పెట్టినా వెల్డరుకు మండుకొస్తుందే తప్ప పని పెరగదు. ఇది అసలు ప్రేరణ సమస్యే కాదు, మిషను రిపేరు సమస్య. చిన్న సంస్థల్లో "శ్రద్ధ లేదు" అనిపించుకునేవాటిలో పెద్ద భాగం ఇలాంటివేనని నా అభిప్రాయం.

రెండోది సున్నా అయిన చోటు: ఎక్కువ బండ్లు పూర్తయి షెడ్డు దిగితే తలా ఇంత ఇస్తామన్నారు. బండ్లు దిగాయి. "సంక్రాంతికి చూద్దాం" అన్నారు. సంక్రాంతి వెళ్లింది. ఇక మీరు రెట్టింపు ప్రకటించినా అది వాళ్లకు గాలిమాటే. పాత బాకీ తీర్చకుండా కొత్త పథకం పెట్టొద్దు.

మూడోది సున్నా అయిన చోటు: బాగా పనిచేసినవాళ్లకు గోవా ట్రిప్పు అన్నారు. ఆ పెయింటరుకు కావలసింది జూన్‌లో కూతురి ఇంటర్ ఫీజు. లెక్కలు చూసే ఆవిడకు వెయ్యి రూపాయల కన్నా సాయంత్రం ఐదున్నరకల్లా బయటపడటం ముఖ్యం. కావలసిందేమిటో అడగకుండా మీకు నచ్చింది ఇస్తే ఖర్చు మీది, నిరుత్సాహం వాళ్లది.

ఎలా అడగాలి? "ఏమైనా ఇబ్బందా?" అంటే "ఏం లేదు సార్" అనే వస్తుంది. మీ గదిలోకి పిలిపించి అడిగితే అసలు రాదు. టీ తాగే చోటికి మీరే వెళ్లి, ఒక్కొక్కరితో విడిగా, పని గురించే అడగండి: "ఈ బండి రెండ్రోజుల ముందే దిగాలంటే ఏది మారాలి బాబాయ్?" తర్వాత ఊరుకోండి. జవాబులో మీ మీద విమర్శ ఉన్నా సమర్థించుకోవద్దు. సమర్థించుకున్న క్షణంలో ఆ సంభాషణ ముగిసిపోతుంది. బిహార్ నుంచో, ఒడిశా నుంచో వచ్చినవాళ్లుంటే వాళ్ల భాష వచ్చిన మనిషిని పక్కన పెట్టుకోండి. అయితే సూపర్‌వైజరును మాత్రం కాదు, వాళ్ల ఇబ్బంది ఆయనే కావచ్చు. ఒక్కొక్కరి పేరు పక్కన ఒకటో, రెండో, మూడో రాసుకోండి.

3. ముందు కారేవి ఆపండి

పంక్చరైన టైరుకు గాలి కొడుతూ కూర్చుంటే చెయ్యి నొప్పే మిగులుతుంది. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ పరిశోధన చెప్పింది దాదాపు ఇదే. 1950ల చివర్లో ఆయన బృందం పిట్స్‌బర్గ్ ప్రాంతంలో దాదాపు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను రెండే విషయాలు అడిగింది: ఉద్యోగంలో మీకు చాలా బాగా అనిపించిన సందర్భం చెప్పండి, చాలా బాధగా అనిపించిన సందర్భం చెప్పండి. బాగా అనిపించినవి చెప్పమంటే జనం సాధించిన పని, దొరికిన గుర్తింపు, అప్పగించిన బాధ్యత గురించి మాట్లాడారు. బాధ గురించి అడిగితే కంపెనీ నియమాలు, పైఅధికారి తీరు, పని చోటి పరిస్థితులు చెప్పారు. అంటే బాధను తీసేస్తే బాధ పోతుందంతే, దానంతటది ఉత్సాహం రాదు. కానీ బాధ అలాగే ఉంటే ఏ ఉత్సాహమూ నిలవదు. 1959లో ఈ ఫలితాలు వెలువడ్డాక విమర్శలూ వచ్చాయి. మంచి జరిగితే తన గొప్ప, చెడు జరిగితే పక్కవాడి తప్పు అనడం మనిషికి మామూలే కదా, ఆ అలవాటే ఈ విభజనగా కనిపించి ఉండవచ్చని. న్యాయమైన విమర్శే. అయినా ఆ రెండు ప్రశ్నలు బంగారం లాంటివి. మీ దగ్గరున్నవాళ్లను అవే అడగండి.

షెడ్డులో కారేవి సాధారణంగా ఇవీ: ఈ నెల ఐదున, వచ్చే నెల పద్నాలుగున వచ్చే జీతం, ఎండాకాలంలో రేకుల కింద ఫ్యాను లేకపోవడం, ఆడవాళ్లకు సరైన టాయిలెట్ లేకపోవడం, అందరి ముందూ తిట్టే సూపర్‌వైజరు, కట్ చేస్తున్నా ఖాతాలో కనిపించని పీఎఫ్. వీటిలో సగం డబ్బుతో కాదు, నిర్ణయంతో ఆగుతాయి. జీతం తేదీ ఒకటి ఖాయం చేసి మూడు నెలలు తప్పకుండా ఇచ్చి చూడండి.

దసరా బోనస్ సంగతి కూడా ఇక్కడే. 20 మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ పనిచేసే చోట, చట్టం పెట్టిన జీతపు పరిమితి లోపలున్నవాళ్లకు కనీసం 8.33 శాతం, గరిష్ఠంగా 20 శాతం బోనస్ ఇవ్వాలి. అది బాకీ. బాకీని బహుమతిలా చేతిలో పెట్టి "చూసుకున్నాను కదా" అంటే పైకి నవ్వుతారు, అంతే.

మాస్లో పిరమిడ్ ఎక్కడ అని అడుగుతారేమో. 1943లో అబ్రహాం మాస్లో మనిషి అవసరాలను తిండి, నీడ దగ్గర మొదలుపెట్టి వరుస పెట్టాడు. పిరమిడ్ బొమ్మ మాత్రం ఆయన గీసింది కాదు, తర్వాతివాళ్లు తగిలించింది. కింది మెట్టు నూటికి నూరు శాతం నిండితేనే పై మెట్టు అని కూడా ఆయన అనలేదు. "ముందు కడుపు నిండనీ, గౌరవం తర్వాత చూద్దాం" అని హెల్పరు విషయంలో ఆయన పేరు వాడుకోవద్దు. తొమ్మిది వేల జీతగాడికీ పేరు పెట్టి పిలిస్తే బాగుంటుంది.

ఇక జీతమే అసలు సమస్యయితే? అప్పుడు సిద్ధాంతాలు కాదు, జీతమే పెంచాలి. 1913లో హెన్రీ ఫోర్డ్ ఫ్యాక్టరీలో మనుషులు ఎంతలా మానేసేవారంటే, దాదాపు 14,000 మందిని నిలుపుకోవడానికి ఆ ఏడాది 52,000 మందికి పైగా చేర్చుకోవాల్సి వచ్చింది. 1914 జనవరిలో రోజుకు 5 డాలర్లు ప్రకటించాడు. దాదాపు రెట్టింపు. మానేయడం ఒక్కసారిగా పడిపోయింది. ఆ డబ్బుతో పాటు కార్మికుల ఇళ్లకు వెళ్లి తాగుతున్నారా, ఇల్లు శుభ్రంగా ఉందా అని చూసే తనిఖీవాళ్లనూ పంపాడనుకోండి. ఆ భాగం మీరు అనుకరించనక్కర్లేదు.

4. ఎవరికెంత, ఎందుకంత అన్నది చెప్పగలిగేలా ఉంచండి

నా లెక్కలో చిన్న సంస్థలను లోపల్నుంచి తినేసేది ఇదే. జాన్ స్టేసీ ఆడమ్స్ 1963లో చెప్పాడు: మనిషి తన జీతాన్ని ఊరికే చూడడు, పక్కవాడి పక్కన పెట్టి చూస్తాడు. నేను పెట్టేది, నాకొచ్చేది, వాడు పెట్టేది, వాడికొచ్చేది. ఈ తూకం తప్పితే మనిషి దాన్ని తనంతట తానే సరిచేసుకుంటాడు. ఎక్కువ అడగలేడు కాబట్టి తక్కువ చేస్తాడు.

దీనికి మన పక్క రాష్ట్రంలోనే గట్టి రుజువుంది. ఎమిలీ బ్రెజా, సుప్రీత్ కౌర్, యోగితా శామ్‌దాసాని అనే ఆర్థికవేత్తలు ఒడిశాలో 378 మంది కూలీలతో ప్రయోగం చేసి 2018లో ఫలితాలు ప్రచురించారు. ముగ్గురేసి చొప్పున జట్లు, ఒక్కో జట్టుది ఒక్కో వస్తువు. కొన్ని జట్లలో ముగ్గురికీ ఒకే కూలి, కొన్నింటిలో కొద్దిపాటి తేడా. ఎవరెంత చేస్తున్నారో పైకి తెలియని పనుల్లో ఆ తేడా వల్ల ఉత్పత్తి బాగా పడిపోయింది, హాజరు 18 శాతం పాయింట్లు తగ్గింది. రోజు కూలి పోయినా సరే, ఆ చోటికి రావడమే ఇష్టపడలేదు జనం. కానీ ఎవరు ఎక్కువ చేస్తున్నారో కళ్లకు కనబడే పనుల్లో, ఎక్కువ చేసేవాడికే ఎక్కువ ఇచ్చినప్పుడు ఈ నష్టం కనిపించలేదు. తేడా ఉన్నందుకు కాదు కోపం, కారణం కనబడనందుకు.

చేయాల్సింది: ఒక కాగితం మీద అందరి జీతాలూ రాసి, ప్రతి ఇద్దరి మధ్య తేడాకూ కారణం ఒక్క వాక్యంలో రాయండి. "ఆర్గాన్ వెల్డింగ్ వచ్చు", "ఒంటరిగా బండి అప్పగించవచ్చు" లాంటివి కారణాలు. "మా బావమరిది" కారణం కాదు. "వాడు అడిగాడు, వీడు అడగలేదు" అన్నది అంతకన్నా ప్రమాదం. ఎనిమిదేళ్ల పాత మనిషి కన్నా నిన్న చేరినవాడికి మార్కెట్ రేటు పేరుతో ఎక్కువిస్తున్నారేమో ముఖ్యంగా చూడండి. ఇద్దరూ కలిసి టీ తాగుతారు, మీ రహస్యం ఒక టీ గ్లాసు సేపు కూడా నిలవదు. ఆ తేడా ఒక్కసారిగా సరిచేయలేకపోతే ఎప్పటికల్లా ఎంత సరిచేస్తారో పాతవాడికి మీరే చెప్పండి. తర్వాత హెల్పరు, వెల్డరు, సీనియరు వెల్డరు అని మెట్లు పెట్టి, పై మెట్టు ఎక్కాలంటే ఏమేం రావాలో గోడకు అంటించండి. జీతం అడ్వాన్సులకూ ఇదే సూత్రం: ఎవరికి ఎంత దాకా ఇస్తారో ముందే నియమం ఉండాలి, మీ మూడ్‌ను బట్టి కాదు.

5. "బాగా చేయండి" అనడం మానేసి అంకె చెప్పండి

ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ దశాబ్దాల తరబడి చూపించింది సూటి సంగతి: స్పష్టమైన, కాస్త కష్టమైన, మనిషి ఒప్పుకున్న లక్ష్యం "వీలైనంత బాగా చేయి" అన్నదాని కన్నా ఎక్కువ పని చేయిస్తుంది. అమెరికాలోని ఓక్లహోమాలో దుంగలు మోసే లారీల మీద లేథమ్ చేసిన అధ్యయనం 1975లో వచ్చింది. డ్రైవర్లు చట్టం ఒప్పుకునే బరువులో 60 శాతం దాకానే ఎక్కించేవాళ్లు. లక్ష్యం 94 శాతం అని పెట్టారు. అదనంగా ఒక్క డాలరూ ఇవ్వలేదు. తప్పితే శిక్ష లేదని ముందే చెప్పారు. మొదటి నెల 80 శాతానికి పెరిగింది. రెండో నెల 70కి జారింది, శిక్ష లేదన్న మాట నిజమేనా అని డ్రైవర్లు పరీక్షించి చూశారన్నమాట. ఎవరూ ఏమీ అనలేదు. మూడో నెల నుంచి 90 దాటి అక్కడే నిలిచింది. మీ షెడ్డులోనూ ఆ రెండో నెల వస్తుంది. అప్పుడు నోరు జారకుండా ఉండటమే ఈ అడుగులో అసలు పని.

అంకెను మీరొక్కరే కూర్చుని రాయొద్దు. సంబంధించిన ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టి "వెనక్కొచ్చే బండ్లు నెలకు రెండుకు తగ్గించగలమా?" అని అడిగి ఒప్పించండి. బోర్డు మీద రోజూ కనబడేలా రాయండి.

ఒక జాగ్రత్త. ఒకే అంకె పెట్టి దాని వెంట తరిమితే మనిషి ఆ అంకెనే తయారుచేసి ఇస్తాడు. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కో ఖాతాదారుకు ఇన్ని ఖాతాలు అంటగట్టాలని ఒత్తిడి చేస్తే, సిబ్బంది ఖాతాదార్లకు తెలియకుండా వాళ్ల పేరుతో ఖాతాలు తెరిచారు. 2016లో బ్యాంకుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, సుమారు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి. అందుకే వేగానికి ఒక అంకె పెడితే నాణ్యతకూ ఒకటి పెట్టండి. దిగిన బండ్ల పక్కనే వెనక్కొచ్చిన బండ్లు.

6. పనిని కాస్త తిప్పి చూడండి

1970ల్లో రిచర్డ్ హ్యాక్‌మన్, గ్రెగ్ ఓల్డ్‌హామ్ మనిషి కన్నా పనినే పరిశీలించారు. పనిలో వైవిధ్యం ఉందా, మొదట్నుంచి చివరిదాకా ఒక వస్తువు తన చేతిమీదుగా వెళ్తుందా, దానివల్ల ఎవరికైనా మేలుందా, నిర్ణయాలు తనవేనా, ఎలా చేశాడో తనకు తెలుస్తుందా? ఈ ఐదూ సున్నా అయిన పనికి ఎవరిని పెట్టినా విసుగే.

అహ్మదాబాద్ కాలికో మిల్లులో 1953లో ఇది ప్రత్యక్షంగా జరిగింది. కొత్త ఆటోమేటిక్ మగ్గాలు వచ్చాయి, కానీ పని ముక్కలుముక్కలుగా విడిపోయి ఎవరికెవరూ కాకుండా అయ్యారు. లండన్ టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చిన ఎ.కె. రైస్ కొన్ని మగ్గాలను ఒక జట్టుకు అప్పగిద్దామన్నాడు. ఆ ఆలోచనను కార్మికులు తమదిగా తీసుకుని జట్లు వాళ్లే కట్టుకున్నారు. ఉత్పత్తి పెరిగింది, పాడయ్యే బట్ట తగ్గింది.

మీరు చేయగలిగేది: నలుగురి జట్టుకు ఒక బండి మొత్తం అప్పగించండి. ఎవరు ఏది ముందు చేయాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి. బండి అప్పగించే రోజు ఆ లారీ ఓనరును ఆఫీసు గదిలో కాకుండా జట్టు దగ్గరికి తీసుకెళ్లండి. చిన్న విషయంలా ఉంది గానీ దీనికి బలం ఎక్కువ. ఆడమ్ గ్రాంట్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక అమెరికా విశ్వవిద్యాలయానికి ఫోన్లో విరాళాలు అడిగే సిబ్బందికి ఆ విరాళాలతో చదువుకుంటున్న విద్యార్థిని ఐదు నిమిషాలు పరిచయం చేశారు. నెల తర్వాత చూస్తే వాళ్లు ఫోన్ మీద గడిపే సమయం రెట్టింపు దాటింది, తెచ్చే విరాళం 171 శాతం పెరిగింది. ఖర్చు ఒక టీ.

7. ఎవరికి ఏ దాహమో చూసి పని అప్పగించండి

డేవిడ్ మెక్‌క్లెలాండ్ పేరు వింటే కాకినాడ గుర్తుకు రావాలి. మనిషిని నడిపే దాహాలు ముఖ్యంగా మూడని ఆయన వాదన: సాధించాలన్నది, నలుగురితో కలిసి ఉండాలన్నది, నలుగురిని నడిపించాలన్నది. సాధించాలన్న దాహాన్ని శిక్షణతో పెంచవచ్చా అన్న ప్రశ్నతో 1964లో కాకినాడ చిన్న వ్యాపారులను హైదరాబాద్‌ యూసుఫ్‌గూడలో చిన్న పరిశ్రమలవాళ్లకు శిక్షణ ఇచ్చే సియెట్ సంస్థకు రప్పించి తరగతులు నడిపించాడు. ఇప్పుడు ఎన్ఐ-ఎంఎస్ఎంఈ పేరుతో ఉన్నది ఆ సంస్థే. బొమ్మలు చూసి కథలు రాయడం, తమకు తాము లక్ష్యాలు పెట్టుకోవడం, రింగులు విసిరే ఆట లాంటివి ఉండేవి. రింగుల ఆటలో కిటుకుంది. సాధించాలన్న దాహం ఉన్నవాడు మరీ దగ్గర్నుంచి విసరడు, మరీ దూరం నుంచీ విసరడు. కష్టపడితే పడుతుందనిపించే దూరం ఎంచుకుంటాడు. తర్వాత చూస్తే, శిక్షణ తీసుకున్న వ్యాపారులు తీసుకోనివాళ్ల కన్నా వ్యాపారంలో చురుగ్గా ఉన్నారు: ఎక్కువ గంటలు, కొత్త పెట్టుబడులు, కొత్త ఉద్యోగాలు. డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో ఆ వివరాలు ప్రచురించాడు.

మీ షెడ్డులో రింగులు అక్కర్లేదు. కొత్త డిజైను వచ్చినప్పుడు "నేను చేస్తా" అని ముందుకొచ్చి, సాయంత్రం "ఎలా వచ్చింది సార్?" అని అడిగేవాడు సాధించే రకం. వాడికి కష్టమైన పని, వెంటనే అభిప్రాయం ఇవ్వండి. పక్కవాడికి జ్వరమొస్తే ముందు కదిలేవాడు కలిసుండే రకం. కొత్త హెల్పర్లను వాడి చేతిలో పెట్టండి. గొడవైతే మధ్యలోకి వచ్చి సర్దేవాడు నడిపించే రకం.

మన దగ్గర తరచూ జరిగేది, అందరికన్నా మంచి వెల్డరును సూపర్‌వైజరు చేయడం. మంచి వెల్డరు సాధారణంగా సాధించే రకం, ఇతరులు మెల్లగా చేస్తుంటే చూడలేడు, టార్చి లాక్కుని తానే చేసేస్తాడు. మీకు ఒక వెల్డరు పోతాడు, సూపర్‌వైజరూ రాడు. మెక్‌క్లెలాండ్ 1976లో డేవిడ్ బర్న్‌హామ్‌తో రాసిన వ్యాసంలో కూడా మంచి మేనేజర్లలో కనిపించింది నడిపించే దాహం, అదీ సొంత గొప్ప కోసం కాక సంస్థ కోసం వాడేది. సీనియరు వెల్డరుకు జీతం సూపర్‌వైజరుతో సమానం చేయండి, కుర్చీ మాత్రం వేరేవాళ్లకివ్వండి.

8. ఇప్పుడు ఇన్సెంటివ్ గురించి ఆలోచించండి

డబ్బు పని చేయదనేవాళ్లను నమ్మొద్దు. కారు అద్దాలు బిగించే సేఫ్‌లైట్ అనే అమెరికా కంపెనీ 1994-95లో గంట జీతం నుంచి అద్దానికింత అన్న పద్ధతికి మారింది. ఒక్కో మనిషి చేసే పని 44 శాతం పెరిగిందని ఎడ్వర్డ్ లజీర్ లెక్క తేల్చాడు. అందులో సగం ఉన్నవాళ్లే ఎక్కువ చేయడం వల్ల. కానీ అక్కడి షరతులు చూడండి: పని లెక్కపెట్టగలిగేది, కనీస జీతం ఎలాగూ వస్తుంది, అద్దం సరిగా బిగించకపోతే ఆ మనిషే తన సొంత సమయంలో మళ్లీ చేయాలి.

లెక్కపెట్టలేని, ఆలోచన కావలసిన పనికి పెద్ద మొత్తం ఎర వేస్తే కథ అడ్డం తిరగవచ్చు. డాన్ ఏరియలీ బృందం మదురై దగ్గర పల్లెల్లో జనం చేత జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, చేతినేర్పు కావలసిన ఆటలు ఆడించింది. ఒక్కో ఆటకు గరిష్ఠ బహుమతి కొందరికి 4 రూపాయలు, కొందరికి 40, కొందరికి 400. నాలుగు వందల వాళ్లే అందరికన్నా అధ్వానంగా ఆడారు, చేతులు వణికాయి. ఎడ్వర్డ్ డెసి 1971 ప్రయోగాల్లో మరో చిక్కు బయటపడింది. సరదాగా పజిల్ విప్పేవాళ్లకు డబ్బివ్వడం మొదలుపెడితే, ఖాళీ సమయంలో దాన్ని ముట్టుకోవడం తగ్గింది.

కాబట్టి కటింగ్, ప్యాకింగ్, డెలివరీ లాంటి లెక్కకొచ్చే పనులకు యూనిట్ రేటు పెట్టండి. డిజైను, ఫినిషింగ్, కస్టమరుతో మాట్లాడటం లాంటివాటికి మంచి స్థిర జీతమివ్వండి. పని అయ్యాక, ముందే చెప్పకుండా, ఎందుకో చెప్పి ఇచ్చే మెచ్చుకోలు దానికి తోడు. "బాగుంది" అని ఊరికే అనొద్దు. "ఆ మూల జాయింటు కనబడకుండా గ్రైండ్ చేశావు, ఓనరు దాన్నే చూపించాడు" అనండి.

ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఫైన్ వేయాలనిపిస్తే ఇజ్రాయెల్‌లోని హైఫా నగరాన్ని తలచుకోండి. అక్కడ పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు కొన్ని శిశుసంరక్షణ కేంద్రాలు జరిమానా పెట్టాయి. ఆలస్యాలు దాదాపు రెట్టింపయ్యాయి. ఇదివరకు మొహమాటపడేవాళ్లు ఇప్పుడు డబ్బు కట్టి నిశ్చింతగా ఆలస్యం చేశారు. జరిమానా ఎత్తేసినా పాత మొహమాటం తిరిగి రాలేదు. పైగా మన చట్టంలో జరిమానాకు హద్దుంది, ఆ నెల వేతనంలో 3 శాతానికి మించకూడదు.

9. మూడు నెలలు ఆగి కొలవండి

షికాగో దగ్గర హాథార్న్ ఫ్యాక్టరీలో 1924 నుంచి 1932 దాకా జరిగిన ప్రయోగాలనుంచి అందరూ తీసుకున్న పాఠం, ఎవరో పట్టించుకుంటున్నారని తెలిస్తేనే పని పెరుగుతుందని. ఆ పాత లెక్కలను తిరిగి తవ్విన పరిశోధకులకు ఆ ప్రభావం అంత గట్టిగా కనిపించలేదు. అయినా మొదటి రెండు వారాల ఉత్సాహాన్ని నమ్మి పండగ చేసుకోవద్దు. ఒకసారి ఒకే మార్పు చేయండి. ఫ్యాన్లు, మెట్లు, ఇన్సెంటివ్ ఒకే నెలలో పెడితే ఏది పనిచేసిందో మీకే తెలియదు.

మూడు నెలల చివర మొదటి పేజీ తీసి, అక్కడ రాసిన అంకెతోనే పోల్చండి. వెనక్కొచ్చే బండ్లు తగ్గితే ఆ మార్పును స్థిరం చేయండి. తగ్గకపోతే రెండో అడుగులో పేర్ల పక్కన రాసిన అంకెల్లో ఏదో తప్పుంది, మళ్లీ టీ దగ్గరికి వెళ్లండి. ఒకరిద్దరి విషయంలో ఏదీ మారకపోవచ్చు. వేరే పని ఇచ్చి చూడండి. అదీ కుదరక మనిషి వెళ్లిపోవాల్సి వస్తే, కొత్త వేతనాల కోడ్ ప్రకారం రెండు పనిదినాల్లో వేతన బాకీలన్నీ తేల్చాలి. ఆ రెండు రోజులూ మిగతావాళ్లు మిమ్మల్నే గమనిస్తుంటారు, కాబట్టి డబ్బు ఖాతాలో వేసి, లెక్క కాగితం ఆ మనిషి చేతికే ఇవ్వండి.